పెరటి కోడి, కూరమడి, పసిబిడ్డ: విస్తరణ లెక్కలో కొరవడినది

పెరటి కోళ్ల పెంపకం, పెరటి తోట అనే రెండు అంశాలు మన విస్తరణ కార్యక్రమాలలో చాలాకాలంగా చోటు చేసుకొని ఉన్నవి. మొదటిదాన్ని పశుసంవర్ధక శాఖ, రెండవదాన్ని ఉద్యాన శాఖ ప్రోత్సహిస్తున్నవి. ప్రతిపాదనలలో ఈ రెండింటికీ వ్రాసే ప్రయోజనం ఒక్కటే: కుటుంబ పోషణ, అందులోనూ పిల్లల పోషణ. అయితే సంవత్సరాంతాన వెలువడే నివేదికలలో కనిపించేవి పంపిణీ అయిన కోడిపిల్లల సంఖ్య, విత్తన పొట్లాల సంఖ్య, శిక్షణ పొందిన మహిళల సంఖ్య. ఏ బిడ్డ పేరు మీద కార్యక్రమం మొదలైనదో ఆ బిడ్డ ప్రస్తావన నివేదికలో సాధారణంగా ఉండదు.

మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇంట్లో కోడిని, కూరమడిని, బిడ్డను వేర్వేరు అంశాలుగా చూడటం పొరపాటని ఈ వ్యాసం అభిప్రాయం. కోడి గుడ్డు బిడ్డ నోటికి చేరే దారి ఆ పెరటిలోనే ఉన్నది. కోడి రెట్ట బిడ్డ నోటికి చేరే దారి కూడా అక్కడే ఉన్నది. మొదటి దారిని తెరిచి, రెండవ దారిని మూయగలిగినప్పుడే పెరటి కోడి పోషణ కార్యక్రమం అవుతుంది. అంతవరకు అది గుడ్ల ఉత్పత్తి కార్యక్రమం మాత్రమే.

ఉత్పత్తికి, పళ్లేనికి మధ్య దూరం

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోని అగ్రశ్రేణి రాష్ట్రం. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019-21) ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఆరు నెలల నుండి 59 నెలల వయసు గల పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆరు నుండి 23 నెలల వయసులో తగినంత ఆహారం తగినన్ని రకాలలో అందుతున్న పిల్లలు రెండు రాష్ట్రాలలోనూ పదిమందిలో ఒకరికి మించి లేరు. రాష్ట్రంలో గుడ్డు పుష్కలంగా ఉన్నంత మాత్రాన అది పసిబిడ్డ పళ్లెంలోకి చేరదని ఈ అంకెలు తెలుపుతున్నవి.

పెరటి స్థాయిలోనూ ఇదే దూరం కనిపిస్తుంది. నాటు కోడి ఒక విడతకు 12 నుండి 15 గుడ్ల వరకు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆపై రెండు నెలల వరకు పిల్లలను తిప్పి, మరల గుడ్లకు వస్తుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు, అనగా 50 నుండి 60 గుడ్లు. అయిదు పెట్టలున్న ఇంట్లో ఏడాదికి 300 గుడ్లు వస్తాయనుకుందాం. ప్రతి విడతలోను పది గుడ్లను పొదుగుకు వదిలితే తినడానికో అమ్మడానికో మిగిలేవి వంద పైచిలుకు మాత్రమే. ఒక వ్యక్తికి ఏడాదికి 180 గుడ్లు కావాలన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుతో పోల్చితే ఆ ఇంటి మొత్తం మిగులు ఒక్కరికే చాలదు. మామగారికి, భర్తకు, బడికి వెళ్లే పెద్ద పిల్లలకు వడ్డించిన తరువాత ఏడాది బిడ్డకు మిగిలేదెంతో ఊహించడం కష్టం కాదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ, వనరాజా వంటి రకాలు ఈ లోటును కొంత పూడ్చగలవు. గ్రామప్రియ పెరటి పరిస్థితులలో కూడా నాటు కోడికి రెండు మూడు రెట్లు గుడ్లు పెడుతుంది. కానీ ఈ రకాలకు పొదిగే గుణం దాదాపు లేదు. కావున పిల్లల కోసం కుటుంబం మరల సరఫరా మీద ఆధారపడవలసి ఉంటుంది. తొలి వారాలలో పిల్లలకు కృత్రిమ వేడి కూడా కావాలి. పసిబిడ్డను చూసుకుంటూ పొలానికి వెళ్లే తల్లికి ఒకరోజు వయసు పిల్లలను అప్పగించడం కంటే, మదర్ యూనిట్లలో ఆరు వారాలు పెంచిన పిల్లలను అందించడం ఉచితం. ఒకటి రెండు నాటు పెట్టలను పొదుగు కోసం ఉంచుకొని, గుడ్ల కోసం మెరుగైన రకాన్ని పెంచే మిశ్రమ పద్ధతిని మన ప్రదర్శనా క్షేత్రాలలో మరింతగా పరిశీలించవచ్చు.

గుడ్డు చేసేది, చేయనిది

ఈక్వడార్‌లో ఆరు నుండి తొమ్మిది నెలల శిశువులకు ఆరు నెలల పాటు రోజుకొక గుడ్డు ఇచ్చి చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడినవి. గుడ్డు తిన్న పిల్లలలో ఎదుగుదల లోపం 47 శాతం తగ్గినది. ఈ ఫలితాన్ని మన విస్తరణ సాహిత్యంలో తరచుగా ఉటంకిస్తాము. అదే పద్ధతిలో మలావీలో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చినవి. అక్కడ ఎత్తులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ ప్రాంతపు పిల్లలు అప్పటికే చేపలు తరచుగా తింటున్నారు. ఈ రెండవ ఫలితాన్ని ఉటంకించేవారు తక్కువ. రెండింటినీ కలిపి చదివితే, గుడ్డు ప్రభావం బిడ్డ ఆహారంలో అంతకుముందు లోపించినది ఏమిటన్న దానిపై ఆధారపడి ఉంటుందని తెలుస్తుంది.

మరొక పరిమితి కూడా ఉన్నది. గుడ్డులో నాణ్యమైన మాంసకృత్తులు, విటమిన్ ఎ, విటమిన్ బి12, కోలిన్ సమృద్ధిగా ఉన్నవి. అందులోని ఇనుము మాత్రం శరీరానికి అంతగా గ్రహణం కాదు. పదిమందిలో ఆరేడుగురు పిల్లలకు రక్తహీనత ఉన్న చోట గుడ్డునే సర్వరోగ నివారిణిగా చూపడం తగదు. ఆకుకూరలలోని ఇనుము గ్రహణం కావాలన్నా విటమిన్ సి తోడు కావాలి. అందువల్ల కూరమడిలో తోటకూర, గోంగూర, మునగతో పాటు నిమ్మ, జామ, టమాటా ఉండటం అవసరం. పప్పులో ఉడికిన తోటకూరను మెత్తగా మెదిపి, రెండు చుక్కల నిమ్మరసం కలిపి పెట్టమని చెప్పడం తల్లికి సులభంగా అర్థమయ్యే సలహా. ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఇనుము మందుకు ఇది తోడు మాత్రమే, బదులు కాదు.

నాటు గుడ్డును అమ్మవద్దని, ఇంట్లోనే తినాలని శిక్షణలలో చెప్పడం పరిపాటి. ఈ సలహాను పునఃపరిశీలించవలసి ఉన్నది. సంతలో నాటు గుడ్డు ధర ఫారం గుడ్డు కంటే స్పష్టంగా ఎక్కువ. పోషక విలువలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లి నాటు గుడ్లను అమ్మి, ఆ సొమ్ములో కొంతతో ఎక్కువ సంఖ్యలో ఫారం గుడ్లు కొని బిడ్డకు పెడితే ఆమె లెక్క సరైనదే. మనం అడగవలసినది గుడ్డు ఏ కోడిది అని కాదు. నిన్న బిడ్డ గుడ్డు తిన్నదా అని. తెలంగాణలో ఏడు నెలల నుండి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా బాలామృతంతో పాటు నెలకు 16 గుడ్లు ఇంటికి అందుతున్నవి. ఆ గుడ్లు ఇంటిల్లిపాదికీ పంపకం కాకుండా బిడ్డకే చేరేందుకు పెరటి గుడ్డు సాయపడగలదు. పెద్దల వాటాను పెరడు తీర్చితే బిడ్డ వాటా బిడ్డకు మిగులుతుంది.

రాత్రి కోళ్లు ఎక్కడ ఉంటున్నవి?

పెరటి కోళ్ల కరదీపికలలో జాతులు, దాణా, టీకాలు విపులంగా ఉంటాయి. దోగాడే బిడ్డ గురించి ఉండదు. కానీ పల్లెలో ఆరు నెలల నుండి ఏడాదిన్నర వయసు బిడ్డ తిరిగే నేల, కోడి తిరిగే నేల ఒక్కటే. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు. అదే వేళకు గంప ఎత్తి కోళ్లను వదులుతారు. ఊడ్చిన గంటకే వసారా మీద, గడప దగ్గర మరల రెట్ట పడుతుంది. బిడ్డ మేలుకొని నేలకు దిగేది అప్పుడే. ఆ వయసు బిడ్డ చేతికి అందిన దాన్నల్లా నోట పెట్టుకుంటుంది.

ఇది ఊహ కాదు. పెరూ రాజధాని లిమా శివారు బస్తీలలో కోళ్లు స్వేచ్ఛగా తిరిగే ఇళ్లలోని చిన్నపిల్లలను గమనించిన అధ్యయనం 1990లో వెలువడినది. పన్నెండు గంటల పరిశీలనలో సగటున దాదాపు నాలుగు సార్లు పిల్లల నోటికి రెట్ట చేరినట్లు అందులో నమోదైనది. జింబాబ్వే గ్రామాలలోను పిల్లలు మట్టిని, కోడి రెట్టను నేరుగా నోట పెట్టుకోవడాన్ని పరిశోధకులు చూచినారు. కోడి రెట్టలో ఉండే కాంపిలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు విరేచనాలను కలిగిస్తాయి. బయటికి జబ్బు కనిపించకపోయినా పేగుల లోపలి పొరను దెబ్బతీసి, తిన్న ఆహారాన్ని వంటబట్టనీయవని కూడా పరిశోధకులు భావిస్తున్నారు. అదే నిజమైతే ఒక చేత్తో గుడ్డు పెడుతూ మరొక చేత్తో దాని ఫలితాన్ని తీసివేస్తున్నాము.

ఇథియోపియా గ్రామీణ ప్రాంతపు సమాచారంపై 2016లో ప్రచురితమైన విశ్లేషణ ఈ చర్చకు కీలకం. కోళ్లున్న ఇళ్లలో పిల్లల ఎత్తు మెరుగ్గా ఉన్నది. కానీ రాత్రివేళ కోళ్లను మనుషులుండే ఇంటి లోపలే ఉంచే కుటుంబాలలో ఆ సంబంధం తారుమారైనది. ఇది పరిశీలనాత్మక అధ్యయనమే అయినా మన పరిస్థితికి నేరుగా వర్తించే ప్రశ్నను లేవనెత్తినది. మన గ్రామాలలోను పిల్లి, కుక్క, ముంగిస, దొంగల భయంతో తల్లికోడిని పిల్లలతో సహా గంప కింద కమ్మి వసారాలోనో వంటింటి మూలనో ఉంచుతారు. ఆ భయం న్యాయమైనది. కోళ్లను బయట ఉంచమని చెప్పేవారు ముందు ఆ భయానికి సమాధానం చెప్పాలి.

కోళ్లను దొడ్డిలో కట్టివేస్తే చాలునన్న సమాధానం కూడా చాలదు. లిమా శివారులోనే తరువాత జరిగిన మరొక ప్రయత్నంలో కోళ్లకు ఆవరణ కట్టించిన ఇళ్లలో కాంపిలోబాక్టర్ విరేచనాలు తగ్గలేదు సరికదా పెరిగినవి. రెట్ట ఒక్కచోట పేరుకుపోయే ఆవరణలోకి పిల్లలు వెళ్లగలిగితే ఆవరణ వల్ల మేలు జరగదని ఆ ఫలితాన్ని అర్థం చేసుకోవచ్చు. జింబాబ్వేలో మరుగుదొడ్డి, చేతుల శుభ్రత, బిడ్డకు ప్రత్యేకమైన ఆట చాప, ఆట గూడు అందించిన పెద్ద పరీక్షలో కూడా వాటి వల్ల పిల్లల ఎత్తు పెరగలేదు. అరకొర మార్పులు చాలవని ఈ అనుభవాలు హెచ్చరిస్తున్నవి. అందువల్ల గూడు వేస్తే బిడ్డ ఎత్తు పెరుగుతుందని వాగ్దానం చేయడం శాస్త్రీయం కాదు. గూటిని సమర్థించడానికి వేరే బలమైన కారణాలున్నవి.

గూడు, ఎరువు, మడి

ఇంటికి వెలుపల, కేక వినిపించేంత దూరంలో, నాలుగు గుంజలపై నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున, వెదురు బద్దల అడుగుతో, గడియ పెట్టగల తలుపుతో రాత్రి గూడు కట్టవచ్చు. రాత్రి విశ్రాంతికి ఒక్కొక్క కోడికి సుమారు ఒక చదరపు అడుగు చాలును. పదికోళ్ల ఇంటికి ఇది పెద్ద ఖర్చు కాదు. ఎత్తు వల్ల, బిగువైన తలుపు వల్ల పిల్లి, ముంగిసల భయం తగ్గుతుంది. గూటిలోనే గుడ్లపెట్టె ఉంటే గుడ్లు పొదలలో పోవు. టీకా రోజున కోళ్ల వెంట పరుగెత్తే పని ఉండదు. గూటి కింది భాగానికి చుట్టూ దడి కట్టడం మాత్రం మరువరాదు. అది లేకపోతే లిమాలోని ఆవరణ వలెనే అది బిడ్డ చేరగల రెట్టకుప్ప అవుతుంది.

అన్నింటికంటే ముఖ్యంగా, రాత్రంతా పడిన రెట్ట ఒక్కచోట దొరుకుతుంది. కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం ఉంటాయి. మాగిన పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతమే. వసారాలో మురికిగా లెక్కించబడేది మడిలో విలువైన ఎరువు. ఇల్లాలికి గూటి వల్ల ప్రత్యక్షంగా, త్వరగా కనిపించే లాభం ఇదే. శుభ్రత పేరుతో చెప్పే మాట కంటే సొరపాదు చెప్పే మాట త్వరగా చెవికెక్కుతుంది.

అయితే పచ్చి రెట్టను మడిలో వేయరాదు. అది లేత మొక్కలను మాడ్చుతుంది. సూక్ష్మజీవులను ఆకుకూరకు చేర్చుతుంది. పచ్చి పశు ఎరువు వేసిన తరువాత నేలను తాకే ఆహార పంటల కోతకు కనీసం 120 రోజులు, తాకని వాటికి 90 రోజులు ఆగాలని అమెరికా సేంద్రియ ప్రమాణాలు నిర్దేశిస్తున్నవి. మన తోటకూర 25-30 రోజులలో కోతకు వస్తుంది. కావున ఆకుకూర మడికి పచ్చి రెట్ట ఏ విధంగానూ పనికిరాదు. ఎండుటాకులు, చెత్తతో పొరలుగా వేసి, తగుమాత్రం తడి ఉంచి, మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. ఇంటి స్థాయి చిన్న కుప్ప అన్ని వైపులా సమానంగా వేడెక్కదు గనుక, మాగిన తరువాత కూడా మొదటి ప్రాధాన్యం బొప్పాయి, మునగ, పందిరి పాదులకు ఇవ్వడం మేలు.

కోడికి, మడికి మధ్య వైరం అందరికీ తెలిసినదే. విత్తిన మరునాడే కోడి మడిని గీరి పారబోస్తుంది. ముళ్లకంపతోనో వెదురు బద్దలతోనో దడి తప్పదు. ఆ దడిని కొంచెం పొడిగించి బిడ్డ ఆడుకునే నేలను కూడా కోళ్లకు అందకుండా చేయవచ్చు. మొక్కల కోసం దడి కట్టే ఇల్లు బిడ్డ కోసం కట్టకపోవడానికి కారణం ఖర్చు కాదు, ఎవరూ చెప్పకపోవడమే.

తల్లి సమయం

కోడిపిల్లలు ఉచితంగా ఇవ్వవచ్చు, విత్తనాలు ఉచితంగా ఇవ్వవచ్చు. తల్లి సమయం ఉచితం కాదు. నాట్లు, కలుపు, పత్తితీత కాలంలో ఆమె ఉదయమే పొలానికి వెళుతుంది. బిడ్డ నాయనమ్మ దగ్గరో, ఏడెనిమిదేళ్ల అక్క దగ్గరో ఉంటుంది. గూడు శుభ్రపరచడం, మడికి నీరు పెట్టడం, బిడ్డకు వేరుగా వండి తినిపించడం అన్నింటినీ ఆమె ఒక్కదానికే అప్పగించే శిక్షణ తొలకరితో ముగుస్తుంది. గూడు కట్టడం, దడి వేయడం తండ్రి పనిగా శిక్షణలోనే నిర్ణయం కావాలి. గుడ్డు పసిబిడ్డకు వేడి చేస్తుందని నమ్మే నాయనమ్మను శిక్షణకు పిలవకపోతే తల్లి నేర్చుకున్నది వంటింటి గడప దాటదు. నాలుగైదేళ్ల పిల్లలు కోళ్లకు నూకలు చల్లి, గుడ్లు ఏరుకొని రావడానికి ఉబలాటపడతారు. ఆ పనిని వారికి ఇవ్వవచ్చు; పని ముగియగానే సబ్బుతో చేతులు కడగడం దానిలో భాగంగా నేర్పాలి. చచ్చిన, జబ్బుపడిన కోళ్లను మాత్రం పిల్లలు ముట్టరాదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 వైరస్‌తో మరణించినది. పెరటి కోళ్లే దానికి కారణమని చెప్పడానికి లేదు. గుడ్డును, మాంసాన్ని పూర్తిగా ఉడికించే పెట్టాలన్న జాగ్రత్తను మాత్రం ఏ శిక్షణలోనూ విడువరాదు.

విస్తరణ వ్యవస్థ చేయవలసినవి

కోడి పశుసంవర్ధక శాఖది, మడి ఉద్యాన శాఖది, బిడ్డ మహిళా శిశు సంక్షేమ శాఖది. ముగ్గురు సిబ్బంది ఒకే పెరటికి మూడు వేర్వేరు రోజులలో వచ్చి వెళుతున్నారు. పశువైద్యం, ఉద్యానం, గృహ విజ్ఞానం ఒకే కప్పు కింద ఉండగల చోటు కృషి విజ్ఞాన కేంద్రం. కావున ఈ సమన్వయానికి చొరవ అక్కడి నుండే రావాలి. ఇందుకు నాలుగు సూచనలు.

ఒకటి, లబ్ధిదారుల ఎంపికలో ఆరు నెలల నుండి మూడేళ్ల వయసు బిడ్డ ఉన్న కుటుంబాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ జాబితా అంగన్‌వాడీ వద్ద సిద్ధంగా ఉంటుంది. రెండు, రాత్రి గూడు సిద్ధమైన తరువాతనే కోడిపిల్లలను అందించాలి. మూడు, టీకాలను ఇంటి లెక్కన కాక వాడ లెక్కన వేయాలి. కొక్కెర తెగులు టీకా సీసా సాధారణంగా వంద లేదా అంతకు మించిన మోతాదులతో వస్తుంది; కలిపిన తరువాత గంటలలోనే వాడివేయాలి. పదికోళ్ల ఇల్లు ఒంటరిగా దానిని వాడుకోలేదు. పది ఇళ్లు ఒకే ఉదయం వాడుకోగలవు. నాలుగు, నివేదికలో రెండు కొత్త గడులు చేర్చాలి: నిన్న బిడ్డ గుడ్డుగాని ఆకుకూరగాని తిన్నదా? నిన్న రాత్రి కోళ్లు ఇంటి లోపల ఉన్నవా, వెలుపల ఉన్నవా?

విద్యార్థులకు ఇందులో ప్రత్యేక పాత్ర ఉన్నది. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో వారు నెలల తరబడి పల్లెలో ఉంటారు. ప్రతి విద్యార్థి పసిబిడ్డ ఉన్న ఒక్క ఇంటిని ఎంచుకొని, అనుమతితో ఒక పూట కూర్చొని, పెరటి పటం గీయవచ్చు. కోళ్లు రాత్రి ఉండే చోటు, బిడ్డ దోగాడే చోటు, నీళ్ల తొట్టి, వంటిల్లు, మడి, ఎరువు కుప్ప అందులో గుర్తించాలి. బిడ్డ నోటికి ఏమేమి చేరినదో గంట గంటకు వ్రాయాలి. దీనికి పరికరాలు అక్కరలేదు. లిమా గురించి, ఇథియోపియా గురించి మాట్లాడే మనకు మన మండలంలోని పెరటి గురించి ఇటువంటి సమాచారం చాలా అవసరం. కొన్నేళ్లపాటు పేర్చితే అది మన విశ్వవిద్యాలయాల సొంత సాక్ష్యం అవుతుంది. గూడు ఎక్కడ పనిచేసినదో, ఎక్కడ పనిచేయలేదో చెప్పగలుగుతుంది.

కోళ్లు వద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పేద ఇల్లాలి చేతిలో సొంత ఆదాయంగా నిలిచే ఆస్తి పెరటి కోడి వంటిది మరొకటి లేదు. ఆ కోడి బిడ్డకు మేలు చేయడానికి కావలసినవి గుంజలపై ఒక గూడు, మడి చుట్టూ దడి, పళ్లెంలో బిడ్డకు ఒక వాటా. ఇవి మూడూ మన సిఫారసుల పట్టికలో కోడి రకం పేరుకంటే ముందు వరుసలో ఉండాలి.